పేరు తర్వాత అంకె

మా చర్చిలో ఆరాధన అయిపోయినంత మాత్రాన ఇంటికి పోవడానికి లేదు. నెలలో మొదటి ఆదివారం చందాలు చదవాలి. చర్చి పెద్ద, డీకన్ ఫోనోతి కళ్ళజోడు సవరించుకుని, గొంతు సవరించుకుని, కుటుంబం పేరు, దాని వెనక అంకె, మళ్ళీ పేరు, మళ్ళీ అంకె, అలా చదువుకుంటూ పోతాడు. పెద్ద అంకెలు ముందు, చిన్నవి వెనక. పెద్ద అంకెల దగ్గర ఆయన గొంతు ఖంగుమంటుంది. చిన్నవాటి దగ్గరకి వచ్చేసరికి జలుబు చేసినట్టు అయిపోతుంది. నాకు ఆయనంటే పడదు, ముందే చెప్పేస్తున్నాను.

ఆ మార్చి నెల ఆదివారం ఆయన అందరివీ చదివేసి, చివర్లో కాస్త ఆగి, "పెసమీనో, లిటారా... ఇరవై డాలర్లు" అన్నాడు.

మెడలన్నీ మా వైపు తిరిగాయి. పోయినేడు దాకా ఆ పేరు మొదటి అయిదింట్లో వినిపించేది. పెసమీనో తండ్రి ఈ చర్చి కట్టినప్పుడు ఇటుకలు మోసినవాడు, చచ్చేదాకా డీకనుగా చేసినవాడు. పాటల బృందంలో నిలబడ్డ పెసమీనో పాటల పుస్తకం తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు పాటేమీ లేదు. నా పక్కన కూర్చున్న ఆయన భార్య లిటారా మాత్రం తల దించలేదు. తెల్లటోపీ అంచు కిందనుంచి ఫోనోతి ముఖంలోకి సూటిగా చూస్తూ కూర్చుంది.

"ఒంట్లో బాగాలేదని ఇవాళ మానేయొచ్చు కదే" అని గొణిగాను.

"ఒళ్ళు బాగానే ఉంది పిన్నీ" అంది.

నేను ఆమెకి రక్తసంబంధం ఏమీ కాను. ఇద్దరం దీవుల నుంచి వలస వచ్చినవాళ్ళమే, ఈ మాంగెరె పేటలో ఒకే వీధిలో ఉంటాం, ఆసుపత్రి దుప్పట్లు ఉతికేచోట ఒకే బల్లకి అటూ ఇటూ నిలబడి మడతపెడతాం. దుప్పటి నాలుగు కొసలూ ఇద్దరం పట్టుకుని ఏళ్ళ తరబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే, సొంత చెల్లెలి కూతురి కంటే ఎక్కువే తెలుస్తుంది. అందుకే ఆ ఇరవై డాలర్ల సంగతి చర్చిలో అందరికంటే ముందు తెలిసింది నాకే.

వాళ్ళది అద్దె ఇల్లు. అది ఇల్లనడం కూడా మర్యాదకే. చలికాలం వచ్చిందంటే గోడల మీద నల్లగా బూజు పాకుతుంది. లిటారా ప్రతి శనివారం బకెట్టూ బ్రష్షూ పట్టుకుని తోముతుంది, పై శనివారానికి మళ్ళీ అంతే నల్లగా తయారవుతుంది. ముగ్గురు పిల్లల్లో నడిపిది ఫెటూకి ఉబ్బసం. ఆ పిల్ల ఊపిరి పీలుస్తుంటే పక్క గదిలోకి వినిపిస్తుంది. ఇంటివాడికి చెబితే కిటికీలు తెరుచుకోమంటాడు. మాకు జూలై అంటే నడి చలికాలం, ఆ నెలలో కిటికీలు తెరుచుకోమనేవాడిని ఏమనాలో చర్చికి పోయేదాన్ని కనక ఇక్కడ రాయను. దానికి తోడు ఆ ఇల్లు అమ్మకానికి పెడతానని కొత్త సంవత్సరంలో కబురు పెట్టాడు. అంతకుముందు రెండిళ్ళలోనూ జరిగింది అదే. పిల్లలు బడి మారడం, ఫెటూ డాక్టరు మారడం, బూజు మాత్రం ఎక్కడికెళ్ళినా ముందే వెళ్ళి కూర్చోవడం.

"ఇక ఎవడూ లెమ్మనలేని ఇల్లు కావాలి పిన్నీ" అంది ఒకరోజు బల్ల దగ్గర. నేను నవ్వాను. మా జీతాలకి మాంగెరెలో ఇల్లా? లిటారా నవ్వలేదు.

మొదట బ్యాంకుకి వెళ్ళింది. అక్కడి కుర్రాడు కాఫీ ఇచ్చి, పిల్లల పేర్లడిగి, తర్వాత కంప్యూటరులో ఆమె పేరు కొట్టి చూశాడు. అక్కడితో మర్యాదలు అయిపోయాయి. ఇంకో బ్యాంకులో కాఫీ కూడా ఇవ్వలేదు.

ఆ కంప్యూటరులో ఏముందో మా వీధిలో సగంమంది పేర్ల మీదా ఉంటుంది. మేం వదిలి వచ్చిన సవాయి దీవిలో లిటారా నాన్న పోయినప్పుడు పెద్దకూతురిగా ఖర్చంతా తనే నెత్తిన వేసుకుంది. టిక్కెట్లు, ఆవులు, పెట్టెలకి పెట్టెలు డబ్బా మాంసం, వచ్చిన పెద్దలందరికీ కానుకలు. అప్పు ఇవ్వడానికి అంగడివీధిలో ఒకడు ఎప్పుడూ నవ్వుతూ సిద్ధంగా ఉంటాడు. వాడి నవ్వుకే వడ్డీ వేస్తాడు. ఆ అప్పు వాయిదాలు తప్పుతూ తప్పుతూ ఎలాగో తీర్చిందో లేదో, తమ్ముడు సెమీసి వ్యాను కొనుక్కుంటానన్నాడు. వాడి పేరు మీద అప్పటికే ఎవరూ పైసా ఇవ్వరు కనక సంతకం లిటారా పెట్టింది. సంతకం అక్కది, తోలింది తమ్ముడు, వాయిదాలు కట్టింది ఎవరూ కాదు. వాడికి పని పోయింది, ఈమెకి చేతిలో డబ్బు ఆడలేదు. క్రెడిట్ స్కోరంటారే, అది పాతాళానికి పోయింది.

మా వాళ్ళలో ఇలాంటి చోట లేదనే మాట రాదు. చావుకైనా పెళ్ళికైనా పాస్టరుగారి ఇంటికైనా, ముందు ఇచ్చేసి తర్వాత ఎలాగని ఆలోచిస్తాం. లేదంటే పరువు పోతుంది. ఉందంటే పోయేదేమిటో ఎవడూ చెప్పడు.

రెండు బ్యాంకులూ పొమ్మన్నాక ఆమె ఇళ్ళ ట్రస్టు ఆఫీసుకి వెళ్ళింది. ఒకప్పుడు ఉల్లిపాయలు పండించిన పొలంలో వాళ్ళు వరసఇళ్ళు కడుతున్నారు. ఇంటి ధరలో మూడోవంతు ట్రస్టు పెట్టుకుంటుంది, మిగతాదానికి బ్యాంకుతో వాళ్ళే మాట్లాడి అప్పిప్పిస్తారు, ట్రస్టు వాటా తర్వాత మెల్లగా కొనుక్కోవచ్చు. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. అక్కడ కూర్చునేది హీనెమోవా అనే మావోరీ ఆవిడ, ఈ నేల మొదటినుంచీ వాళ్ళదే. ముఖంలో నవ్వు తక్కువ, మాటల్లో చక్కెర అసలే లేదు. లిటారా ఇచ్చిన బ్యాంకు కాగితాలన్నీ ఆవిడ ముందేసుకుని ఒక్కొక్కటే చూసింది.

"ఇద్దరూ కష్టపడి సంపాదిస్తున్నారు" అంది. "మీ సొమ్ములో మూడోవంతు చర్చికీ, చావులకీ, పెళ్ళిళ్ళకీ పోతోంది. అది చాలకపోతే అప్పు తెచ్చి మరీ ఇస్తున్నారు."

"మా పద్ధతి అది" అంది లిటారా.

"మాకూ ఉన్నాయమ్మా పద్ధతులు. మావాళ్ళ చావులకి నేను మూడురోజులు వంటింట్లో నిలబడి వస్తాను. ఇవ్వొద్దని నేను చెప్పను, అది నా నోటితో చెప్పే మాట కాదు. నేను చెప్పేది ఒకటే. ఆగస్టు చివరికి ఆ వ్యాను అప్పు తీరిపోవాలి. కొత్త అప్పు ఒక్కటి కూడా ఉండకూడదు, ఎవరికీ జామీను ఉండకూడదు. వారం వారం ఇంత అని పక్కన పడుతూ ఉండాలి. అలా అయితే ఇల్లు మీది. కాకపోతే మీ వెనక వరసలో ఉన్నవాళ్ళది. నేను కన్నీళ్ళు చూసి మార్చను."

"నేను ఏడవను" అంది లిటారా.

బస్సులో ఇంటికొస్తూ లెక్క తేల్చేసుకుంది. చర్చికి నెలకి ఇరవై. ఇంట్లో చావైనా పెళ్ళైనా యాభై. అంతకుమించి దేవుడు దిగొచ్చినా లేదు. ఆ మాట పెసమీనోకి చెబితే పాపం ఆ మనిషి అన్నం ముందునుంచి లేచిపోయాడు. బస్సు డిపోలో బళ్ళు కడిగే పని ఆయనది. మనిషి కొండంత, మాట గుప్పెడంత. రెండురోజుల తర్వాత నోరు విప్పి, అయితే ఈ ఆరునెలలూ అసలేమీ ఇవ్వొద్దు, అప్పుడు పేరే చదవరు కదా అన్నాడట. లిటారా ఒప్పుకోలేదు. ఏమీ ఇవ్వకపోతే మన దగ్గర ఏమీ లేదని అబద్ధం చెప్పినట్టు, మన దగ్గర ఇరవై ఉంది, ఇరవై ఇద్దాం అంది. ఆయన ఆ వారమంతా డిపోలోనే తిని ఇంటికొచ్చాడు. నాకు నిజంగా ఆయన మీద కోపం రాలేదు. తండ్రి పేరు అలా జాబితా అడుగున పడి ఉంటే ఏ కొడుకైనా అన్నం ముందునుంచి లేచిపోతాడు.

ఏప్రిల్లో ఇరవై. మేలో ఏడాదికోసారి వచ్చే పెద్ద కానుక, అప్పుడూ ఇరవయ్యే. ఆ రోజు వెయ్యి దగ్గర మొదలైంది జాబితా. చివరి పేరు రావడానికి ముందు ఫోనోతి దగ్గాడు. మంచినీళ్ళు తాగాడు. అంతసేపూ లిటారా ఆ తెల్లటోపీతో నిటారుగా, అదే బెంచీలో, అదే చోట కూర్చుంది. వెనక బెంచీలో కూర్చోమని ఎంత చెప్పినా వినలేదు. ఇల్లు కావాలని గోడవారగా నక్కితే ఇక ఆ ఇంట్లోకి వెళ్ళి ఏం చేస్తాను అంది.

బయటికొచ్చాక ఫోనోతి భార్య లనువోలా దగ్గరకొచ్చి, నలుగురూ వింటుండగా, "అంకె రాసేటప్పుడు పక్కన ఇంకో సున్నా మర్చిపోయావేమో లిటారా" అంది తియ్యగా.

"సున్నాలకి లోటు లేదండీ" అంది లిటారా. "ముందు పెట్టడానికే ఏమీ దొరకలేదు."

నేను గట్టిగా నవ్వాను. లనువోలా ఆ తర్వాత నాతో పలకడం మానేసింది, అదొక లాభం.

అలా జూలై వచ్చింది. ఆ నెల ఫెటూని రెండుసార్లు ఆసుపత్రిలో పెట్టారు. మేం మడతపెట్టిన దుప్పట్లలోనే ఆ పిల్ల పడుకుంది. లిటారా దాని మంచం పక్కన ఒక రాత్రంతా కూర్చుని తెల్లారి నేరుగా పనికొచ్చింది. బల్ల దగ్గర ఒక్కమాటే అంది, ఇంకో చలికాలం ఆ గోడల మధ్య ఈ పిల్ల ఆగదు పిన్నీ అని.

ఆ వారమే వెల్లింగ్టనులో ఆమె పెద్దమ్మ పోయింది. తల్లి చిన్నప్పుడే పోతే లిటారానీ సెమీసినీ పెంచింది ఆ పెద్దమ్మే. కబురందగానే అన్నదమ్ముల పిల్లలూ, అక్కచెల్లెళ్ళ పిల్లలూ అందరూ లిటారా ఇంట్లో చేరారు. ఈ తరంలో పెద్దది ఆమె కనక ఎవరెంత అనేది అక్కడే తేలాలి. ముందు ఆమె అంకె చెబితే, దాన్నిబట్టి మిగతావాళ్ళవి. నేను వంటింట్లో కోకో కాస్తూ, పిండివడలు వేయిస్తూ ఉన్నాను. తలుపు తీసే ఉంది.

సెమీసి ఆ వ్యానులోనే వచ్చాడు. మంచివాడే, నవ్వితే ఇల్లంతా నవ్వుతుంది. ఏ పని పట్టినా మధ్యలో వదిలేస్తాడు, అంతే. పెద్దమ్మ గొప్పతనం గురించి కాసేపు మాట్లాడి కళ్ళు తుడుచుకున్నాడు. అవి దొంగ కన్నీళ్ళు కావు. తర్వాత అందరూ లిటారా వైపు చూశారు.

"యాభై" అంది.

"పెద్దమ్మకా?" అన్నాడు సెమీసి. "అక్కా, నువ్వే యాభై అంటే మేమంతా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?"

"నా ముఖం నెలనెలా చర్చిలో పెట్టి వస్తున్నాను. దాని పక్కన చోటుంది, తెచ్చి పెట్టు."

వాడు కోపం తెచ్చుకోలేదు. చొక్కా జేబులోంచి మడత కాగితం తీసి బల్లమీద పరిచాడు. అంగడివీధి అప్పులవాడి కాగితం. అన్నీ నింపేసి ఉంది, సంతకం చోటొకటే ఖాళీ. "నిన్ను పైసా ఇవ్వమనడం లేదక్కా. పేరొకటి ఇవ్వు చాలు. వాయిదాలు మేమందరం కలిసి కడతాం. పెద్దమ్మ ఎవరిచేత్తో అన్నం తినిపించిందో గుర్తు తెచ్చుకో."

అందరూ తలలూపారు. సంతకం పెడితే ఇల్లు పోయినట్టే. పెట్టకపోతే పెద్దమ్మ శవం ముందు అక్క మొండిచెయ్యి చూపించిందని పదేళ్ళు చెప్పుకుంటారు. లిటారా ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. ఆమె పెట్టేస్తుందనే అనుకున్నాను. ఆ పెద్దమ్మ అంటే ఆమెకి అంత ప్రాణం.

"మనల్ని పెంచిన చెయ్యి కాబట్టే చెబుతున్నాను" అంది చివరికి. "ఆవిడ ఎప్పుడూ అప్పుతెచ్చి నాకు అన్నం పెట్టలేదు. ఉన్నదే పెట్టింది. ఈ సంతకం నేను పెట్టను సెమీసీ. ఇవాళ కాదు, ఇక ఎప్పుడూ కాదు. ఫెటూ కోసం నాకు ఇల్లు కావాలి."

అని లేచి పడకగదిలోకి పోయింది. మా ఇళ్ళలో విలువైనదేదైనా ఉంటే అది పరుపు కిందే ఉంటుంది. వాళ్ళమ్మ పోయేముందు నేసిన చాప అక్కడ ఉంది. మొగలాకుని దారంలా చీల్చి, చీరంత మెత్తగా, అంచుకి ఎర్ర ఈకలు కుట్టి నేసిన చాప. మా చావుల్లో దాన్ని మించిన కానుక లేదు, అలాంటిది నేసే చేతులు ఇప్పుడు లేవు. తనని సాగనంపే రోజున దాన్ని తనమీద కప్పమని లిటారా నాతో చాలాసార్లు అంది. పరుపు పెద్దది, ఒంటిచేత్తో లేవడం లేదు. వంటింట్లోంచి నాకు కనిపిస్తోంది. నేను వెళ్దామనుకునేలోపే పెసమీనో లేచాడు. మార్చి నుంచి ఈ విషయంలో పెళ్ళాం వైపు ఒక్కమాట కూడా మాట్లాడని మనిషి, అందరి ముందునుంచి నడిచి వెళ్ళి, పరుపు రెండో కొస పట్టుకుని ఎత్తాడు.

ఇద్దరూ చాపని చెరోవైపూ పట్టుకుని తెచ్చి నట్టింట్లో పరిచారు.

"ఇది పెద్దమ్మకి" అంది లిటారా. "ఇదీ, యాభై. మా ఇంట్లో ఉన్నవి ఇవే."

పెద్దాడవాళ్ళిద్దరు వంగి అంచు తడిమి చూశారు. అప్పుడు మూలన కూర్చున్న వాళ్ళ చిన్నాన్న కొడుకు, అంతసేపూ గోళ్ళు కొరుక్కుంటూ ఉన్నవాడు, నాదీ యాభై అన్నాడు. వాడి భార్య గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత ఇంకొకరు నలభై అన్నారు. ఇంకొకరు యాభై. అందరూ మర్నాడు అప్పు కోసం అంగడివీధికి పోదామనే వచ్చారని ఆ ముఖాలు చూస్తే తెలిసిపోయింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి వడలు మాడ్చేశాను.

సెమీసి ఒక్కడే అంకె చెప్పలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఏమీ తినకుండా వెళ్ళిపోయాడు.

వాడు మళ్ళీ కనిపించింది ఆగస్టులో, మా పనిచోటు గేటు దగ్గర. నడిచి వచ్చాడు. వ్యాను ఏదిరా అని అడిగితే అమ్మేశానన్నాడు. అక్క చేతిలో కవరు పెట్టి, అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాడు. వెల్లింగ్టనులో చాప పరిచినప్పుడు, పెద్దలు అది ఎవరి నేతో అమ్మ పేరు పెట్టి పిలిచి చెప్పారట, ముసలివాళ్ళంతా లేచి నిలబడ్డారట.

"యాభై సంగతి ఒక్కరూ అడగలేదక్కా" అన్నాడు. "ఆ రోజు నిన్ను అందరికంటే ఎక్కువ మాటలన్నది నేనే."

"బస్సు చార్జీ ఉందా?" అంది లిటారా.

లేదు వాడి దగ్గర. ఉన్నదంతా కవర్లో పెట్టేశాడు. ఆమె తన బస్సు కార్డు వాడికిచ్చేసింది, మేమిద్దరం నడిచి ఇంటికొచ్చాం. దారంతా ఏడుస్తూనే ఉంది. హీనెమోవా ముందు ఏడవనంది గానీ నా ముందు అననే లేదు కదా. ఆ సొమ్ముకి అప్పంతా తీరలేదు, వ్యాను మరీ పాతబడిపోయింది. మిగతాది పెసమీనో రాత్రిళ్ళు కూడా బళ్ళు కడిగి ఆగస్టు ఆఖరివారంలో తీర్చాడు. అప్పులవాడి దగ్గరనుంచి బాకీ లేదనే కాగితం తెచ్చిన రోజున ఆయన దాన్ని చర్చిలో ఫోనోతి చేత చదివిద్దామన్నాడు. ఆరునెలల తర్వాత ఆయన వేసిన మొదటి జోకు అది.

అక్టోబరులో తాళాలిచ్చారు. సన్నగా వాన. కొత్త ఇళ్ళ వరస ముందు ఓ పది కుటుంబాలవాళ్ళం గొడుగుల కింద నిలబడ్డాం. ఇంకా రంగు వాసన వస్తోంది. ఫెటూ కిటికీ అద్దానికి ముక్కు ఆనించి లోపల గోడలు చూస్తోంది. అన్నీ తెల్లగా ఉన్నాయమ్మా అని అరిచింది. సెమీసి పరుపు మోస్తూ వచ్చి, తడవకుండా నెత్తిమీద పెట్టుకుని నిలబడ్డాడు. దాని కింద ఇప్పుడు ఏమీ లేదు.

లిటారా తెల్లటోపీ పెట్టుకొచ్చింది. హీనెమోవా మెట్టుమీద నిలబడి ఒక్కొక్క కుటుంబాన్నీ పిలుస్తోంది. పిలిచినవాళ్ళు వెళ్ళి తాళం తీసుకుంటున్నారు.

"పెసమీనో, లిటారా" అని పిలిచింది.

లిటారా కదల్లేదు. వీపు నిటారుగా పెట్టి, గడ్డం ఎత్తి, హీనెమోవా ముఖంలోకి సూటిగా చూస్తూ నిలబడిపోయింది. ఆరునెలలు ఆ బెంచీలో నా పక్కన ఎలా కూర్చుందో అచ్చం అలాగే. పెసమీనో కూడా తల వంచుకుని ఆగిపోయాడు. నేను మోచేత్తో పొడిచి, వెళ్ళవే, నిన్నే పిలుస్తున్నారు అన్నాను.

"ఆగు పిన్నీ" అంది మెల్లగా. "ఎంతో ఇంకా చదవలేదు."

హీనెమోవా తాళం పట్టుకున్న చెయ్యి వానలోకి చాపి అలాగే నిలబడింది. ఆమె దగ్గర చదవడానికి ఇంకేమీ లేదు.